కణత్వరణ యంత్రములలో కంపనముల నణచుట

దేవాలయములో గంట మ్రోగుచుండగా అరచేతితో తాకినచో నాదము వెంటనే ఆగిపోవును. కావడితో నీరు మోయువారు బిందెలలో నాలుగు ఆకులు వేసికొందురు. ఆకులు తేలుచున్న నీరు అంతగా తొణకదు. ఈ రెండును కంపనమును అణచు విద్యకు చెందిన పనులే. లోకములో మిక్కిలి వ్యయముతో నిర్మింపబడిన యంత్రములు కొన్ని నేడు ఈ విద్యను నమ్ముకొని పనిచేయుచున్నవి. అవి కణత్వరణ యంత్రములు. వానిలో కంపనము ఎచ్చటినుండి పుట్టునో, దాని వలన కలుగు చిక్కు ఏమో, ఇంజనీర్లు దానిని ఎట్లు అణచుచున్నారో ఈ ప్రసంగములో కొంత విచారింతము.

ఎలక్ట్రానులు, ప్రోటానులు మొదలగు విద్యుదావేశము గల కణములను మహావేగముతో పరుగెత్తించు సాధనమే కణత్వరణ యంత్రము. పూర్వపు టెలివిజను పెట్టెలలోని గాజుగొట్టము ఇట్టి యంత్రమునకు చిన్న తమ్ముడే. అందు ఎలక్ట్రానులు కొన్ని వేల వోల్టుల బలముతో పరుగెత్తి తెరను తాకి బొమ్మను వెలిగించెడివి. పెద్ద యంత్రములలో కణములు గాలి తీసివేసిన గొట్టములో పయనించును. విద్యుత్ క్షేత్రములు వానిని మాటిమాటికి ముందునకు నెట్టును. అయస్కాంతములు వాని దారిని వంచును, చెదరిపోకుండ ఒకచోటికి కూర్చును. జెనీవా నగరముచెంత సెర్న్ సంస్థవారి వలయము చుట్టుకొలత 27 కిలోమీటర్లు. 2012లో హిగ్స్ కణము కనుగొనబడినది అచ్చటనే. మన దేశములో ఇండోరు నగరమునందు ఇండస్-2 అను ఎలక్ట్రాను వలయము కలదు. దాని చుట్టుకొలత 172.5 మీటర్లు. ఇట్టి వలయములనుండి వెలువడు ఎక్స్ కిరణములతో ఔషధముల అణునిర్మాణమును, లోహముల లోపలి కూర్పును పరిశీలింతురు. 2009లో నోబెల్ బహుమానము పొందిన వెంకట్రామన్ రామకృష్ణన్ గారి రైబోసోమ్ పరిశోధన అట్టి కిరణముల సాయముననే జరిగినది. కావున ఈ యంత్రములు పండితుల వినోదమునకు మాత్రమే ఏర్పడినవి కావు. కాన్సరు వ్యాధికి కిరణచికిత్స చేయు ఆసుపత్రి యంత్రములును ఈ జాతివే.

ఇక కంపనము మాట. భూతద్దముతో ఎండను ఒక బిందువున కూర్చి దూదిని అంటించుట పిల్లలందరు ఎరిగిన ఆట. చేయి వణకినచో ఆ వెలుగుచుక్క నిలువదు, దూది అంటుకొనదు. కణత్వరణ యంత్రములో భూతద్దము పనిని చతుర్ధ్రువ అయస్కాంతములు చేయును. అయస్కాంతము కదలినచో దానిగుండ పోవు కణపుంజము కూడ ప్రక్కకు తొలగును. పెద్ద వలయములో ఇట్టి అయస్కాంతములు వందలకొలది ఉండును. వాని చిన్నచిన్న తప్పులన్నియు కలసి, పుంజపు కదలికను అయస్కాంతపు కదలికకన్న ఎన్నోరెట్లు పెద్దదిగా చేయును.

చిన్న తప్పు అనగా ఎంత చిన్నది? మీటరులో నూరుకోట్లవ వంతును నానోమీటరు అందురు. మన తలవెండ్రుక మందము ఇంచుమించు 70, 80 వేల నానోమీటర్లు. అమెరికాలో స్టాన్‌ఫర్డు చెంత గల యంత్రశాలలో 1994లో ఎలక్ట్రాను పుంజమును నిలువున సుమారు 70 నానోమీటర్ల మందమునకు కూర్చిరి. పిమ్మట జపానులోని త్సుకుబా నగరమున దానిని ఇంచుమించు 40 నానోమీటర్ల వరకు దించిరి. సెర్న్‌లో క్లిక్ అను పేర ఒక సరళ యంత్రమునకు ప్రణాళిక సిద్ధము చేసియున్నారు. అందు ఎదురెదురుగా వచ్చు రెండు పుంజములు ఒక్కొక్కటి నిలువున 1 నానోమీటరు మాత్రమే ఉండవలెను. కాగితముకన్న పలుచనైన రెండు రేకులను మైళ్ల దూరమునుండి ఎదురెదురుగా విసరి, అంచును అంచు తాకునట్లు చేయుట వంటిది ఈ పని. చివరి అయస్కాంతము ఒక నానోమీటరు చలించినను ఒక పుంజము రెండవదానిని సరిగా తాకకపోవును. అందువలన ఆ చివరి అయస్కాంతములు ఒక నానోమీటరులో ఐదవ వంతుకన్న ఎక్కువ చలింపరాదని నిర్ణయించిరి. ఇది ఒక పరమాణువు వెడల్పుతో సమానమైన కొలత.

మనము స్థిరమని తలంచు భూమి అంత నిశ్చలముగా ఉన్నదా? లేదు. సముద్రపు అలల తాకిడి వలన భూమి ఐదారు సెకండ్లకు ఒకసారి నెమ్మదిగా ఊగుచుండును. ఈ ఊపు సముద్రమునకు వందల మైళ్ల దూరమున కూడ తెలియును. దీని పరిమాణము ఒక్కొక్కప్పుడు వేయి నానోమీటర్ల వరకు ఉండును. ఐనను ఇది పెద్ద శత్రువు కాదు. ఈ అల పొడవు పది పదిహేను కిలోమీటర్లు ఉండుటచే ప్రక్కప్రక్కనున్న అయస్కాంతములన్నియు ఒక్కటిగా లేచి ఒక్కటిగా దిగును. పడవలో కూర్చున్నవారందరు కలసి ఊగినచో ఒకరికొకరు దూరము కారు గదా! చంద్రుని ఆకర్షణ చేత భూమి ఉబ్బుట వలన 27 కిలోమీటర్ల జెనీవా వలయము చుట్టుకొలత సుమారు 1 మిల్లీమీటరు మారుచున్నట్లు 1990వ దశకములో అచ్చటివారు గుర్తించిరి. అది సైతము నెమ్మదిగా నడచు మార్పు గావున లెక్కకట్టి సరిదిద్దుకొనవచ్చును.

చిక్కంతయు సెకండుకు ఒకటి మొదలు నూరువరకు ఉండు కంపనములతోనే. రైలు పోయినను, లారీ గతుకులో పడినను, ప్రక్క కర్మాగారములో సమ్మెట పడినను ఇట్టి అదురు పుట్టును. దీని అల పొడవు తక్కువ. ఒక అయస్కాంతము లేచుచుండగా దాని పొరుగునది దిగుచుండును. పట్టణము చెంతనున్న యంత్రములకు ఈ బాధ మెండు. ప్రశాంతమైన రాతినేలపై నేల అదురు కొద్ది నానోమీటర్లు మాత్రమే ఉండగా, సందడిగల నగరములో అది పదిరెట్లకు మించును.

అంతకన్న విచిత్రమేమనగా, యంత్రమునకు ఇంటిదొంగయే పెద్ద శత్రువు. అయస్కాంతముల తీగచుట్టలు వేడెక్కకుండ వాని లోపల నీరు ప్రవహింపజేయుదురు. ఆ నీటిని త్రోయు పంపులు, గాలిని చల్లబరచు పంకాలు, శూన్యము కల్పించు యంత్రములు, ఇవన్నియు గిరగిర తిరుగుచుండును. నిమిషమునకు దాదాపు 1500 సారులు తిరుగు మోటారు సెకండుకు 25 సారులు నేలను తట్టును. గొట్టములలో నీరు వడిగా పోవుచు వంపుల దగ్గర సుళ్లు తిరిగి గొట్టమును కుదుపును. యంత్రమును కాపాడుటకు పెట్టిన సాధనములే దానిని వణకించుచున్నవన్నమాట.

ఈ వణకు ఎప్పుడు ప్రమాదకరమగును? ఉయ్యాల నూపు తల్లికి ఈ సంగతి తెలియును. ఉయ్యాల తన సహజమైన లయలో తిరిగి వచ్చిన క్షణమున వ్రేలితో తాకినను అది ఎత్తుగా ఊగును. ప్రతి వస్తువునకు ఇట్టి సహజ లయ ఒకటి కలదు. బయటి అదురు ఆ లయతో కలసినచో కదలిక పదిరెట్లు, ఇరువదిరెట్లు పెరుగును. దీనినే అనునాదమందురు. టన్నులకొలది బరువుగల అయస్కాంతములను పొడవైన ఉక్కు దూలములపై నిలిపి, ఆ దూలములను కాళ్లపై నిలబెట్టుట ఆచారము. కాళ్లు సన్ననివి, ఎత్తైనవి అయినచో దూలము సెకండుకు ఎనిమిది పది సారులు ఊగు లయ కలిగియుండును. నేలలో ఆ లయగల అదురు మెండు. కాళ్లను పొట్టిగా, బలముగా చేసినచో లయ సెకండుకు 40, 50 వరకు పెరుగును. లయ హెచ్చిన కొలది నేలలో ఆ తరగతి అదురు త్వరత్వరగా తగ్గిపోవును గావున దూలమునకు తాళము వేయువాడు కొరవడును. కొత్త యంత్రములన్నిటిలో దూలములను గట్టిగా, నేలకు దగ్గరగా కట్టుటకు ఇదియే కారణము.

కంపనమును అణచుటకు నాలుగు మార్గములు కలవు. పుట్టినచోటనే ఆపుట మొదటిది. దారిలో అడ్డుకొనుట రెండవది. చేరిన పిమ్మట మ్రింగివేయుట మూడవది. ఎదురు కదలికతో సరిదిద్దుట నాలుగవది.

మొదటిది అన్నిటికన్న చౌక. పంపులను యంత్రమునకు దూరముగా వేరొక భవనములో ఉంతురు. నీటి వడిని తగ్గించి, గొట్టముల వంపులను విశాలముగా చేయుదురు. సెర్న్‌లో పెద్ద వలయమును మెరుగుపరచుటకై క్రొత్త బావులు త్రవ్వవలసి వచ్చినప్పుడు, ఎక్కువ అదురు పుట్టించు త్రవ్వకమును యంత్రము నిలిచియుండు కాలమునకు, అనగా 2018 డిసెంబరులో మొదలైన దీర్ఘ విరామమునకు కుదుర్చుకొనిరి. నేలకు పనిలేని వేళ చూచి పనిచేయుట కూడ ఇంజనీరు విద్యలో భాగమే.

రెండవ మార్గమున పంపులను ఉక్కుచుట్టల మీదను, రబ్బరు దిమ్మెల మీదను నిలుపుదురు. గొట్టముల నడుమ మెత్తని ముడుతల గొట్టములను అతుకుదురు. యంత్రము నిలుచు కాంక్రీటు పలకకును భవనపు పునాదికిని నడుమ సందు విడుతురు.

మూడవది గంటపై చేయి వేయుట వంటిది. చికాగో చెంతనున్న ఆర్గాన్ ప్రయోగశాలలోని ఎక్స్ కిరణ యంత్రమున దూలముల క్రింద లోహపు రేకుల నడుమ జిగురువంటి సాగు పదార్థమును పొరలుగా పెట్టిరి. ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరపు యంత్రములో దూలములను నేలతో కలుపు బంధములలో ఇట్టి పొరలనే అమర్చిరి. దూలము ఊగినప్పుడెల్ల ఆ పొర సాగును, ముడుచుకొనును. అట్లు సాగునప్పుడు కంపనశక్తి కొంచెము వేడిగా మారి నశించును. నేల అదురు తగ్గలేదు. దూలము దానికి వంతపాడుట మానినది.

నాలుగవ మార్గము సూక్ష్మమైనది. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కనుగొనిరి. పూర్వపు గ్రామఫోను పెట్టెలలో ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చినది ఇట్టి స్ఫటికమే. ఈ గుణమునకు తిరుగుడు కూడ కలదు. స్ఫటికమునకు విద్యుత్తు ఇచ్చినచో అది నానోమీటర్ల కొలతలో పొడవగును, పొట్టియగును. అయస్కాంతముపై భూకంపమాపకము వంటి సున్నితమైన సాధనమును పెట్టి, అది ఎటు కదలునో కనిపెట్టి, క్రింది స్ఫటికములచే దానిని వెంటనే ఎదురుదిక్కునకు నెట్టుదురు. ఈ పద్ధతిచే సాధారణ ప్రయోగశాల భవనములోనే అయస్కాంతపు కదలికను 1 నానోమీటరు దాపునకు దించవచ్చునని సెర్న్‌లో నిరూపించిరి. కదలికను అయస్కాంతముననే కాక పుంజముననే కొలిచి, చిన్న అయస్కాంతములతో దానిని సెకండుకు వేలసారులు దారికి తెచ్చు ఏర్పాటు కూడ ఎక్స్ కిరణ వలయములలో ఉన్నది.

ఇంతవరకు అయస్కాంతముల సంగతి. కణములను ముందునకు నెట్టు కుహరముల కథ రేడియో వినువారికి మరింత దగ్గర. రేడియోలో స్టేషను పట్టుట అనగా తీగచుట్ట, కండెన్సరు కలసిన వలయమును ప్రసార పౌనఃపున్యమునకు సరిపుచ్చుట. కుహరము కూడ అట్టి వలయమే. లోహముతో చేసిన బోలు పాత్రలో రేడియో తరంగము అనునాదము చెందును. దాని బలముచే కణములు ముందునకు పోవును. పూర్వపు వాల్వు రేడియోలలో పెట్టెను వ్రేలితో తట్టినచో ఒక్కొక్కప్పుడు లౌడుస్పీకరులో ఖంగున మ్రోగెడిది. వాల్వు లోపలి సన్నని తీగలు అదరుటయే దానికి కారణము. ఆ దోషమును మైక్రోఫోనిక్స్ అనిరి. కుహరములు అదరుట వలన కలుగు దోషమునకు ఇంజనీర్లు నేటికిని అదే పేరు వాడుచున్నారు.

ఆధునిక కుహరములను నియోబియం లోహపు రేకుతో చేసి, ద్రవ హీలియంలో ముంచి, సున్నకు దిగువ 271 సెంటిగ్రేడు డిగ్రీల చలిలో ఉంతురు. అప్పుడు లోహము అతివాహకమగును; తరంగశక్తి దాదాపు నష్టపడదు. కాని నష్టము తగ్గిన కొలది శ్రుతి పట్టు సన్ననగును. మీడియం వేవులో స్టేషనుకు స్టేషనుకు నడుమ 9 కిలోహెర్ట్జ్‌ల ఎడముండును. స్టాన్‌ఫర్డు చెంత క్రొత్తగా నిర్మించిన ఎల్.సి.ఎల్.ఎస్-2 అను యంత్రములో కుహరము పౌనఃపున్యము 130 కోట్ల హెర్ట్జ్‌లు కాగా, అది శ్రుతిలో ఉండు వెడల్పు సుమారు 32 హెర్ట్జ్‌లు మాత్రమే. అనగా నాలుగు కోట్లలో ఒక వంతు. మీటరు పొడవు గల ఈ కుహరము ఒక మైక్రోమీటరు సాగినచో పౌనఃపున్యము సుమారు 300 హెర్ట్జ్‌లు తప్పును. అదురు వలన కలుగు తప్పు 10 హెర్ట్జ్‌లకు మించరాదని నియమము పెట్టుకొనిరి. అనగా కుహరపు పొడవు 30 నానోమీటర్లకన్న ఎక్కువ మారరాదు.

ఫెర్మీ ప్రయోగశాలలో మొదటి కుహరశ్రేణిని చల్లబరచి పరీక్షింపగా ఆ హద్దు ఎన్నోరెట్లు మీరినట్లు తెలిసినది. కుహరమునకు శ్రుతి తప్పినచో దానిలో తరంగబలమును నిలుపుటకు ఎక్కువ రేడియోశక్తి కావలెను. ఒక్కొక్క కుహరమునకు 3.8 కిలోవాట్ల వర్ధకము మాత్రమే నిర్ణయింపబడియుండెను. కుహరములు 280. వర్ధకములన్నిటిని మార్చుట అసాధ్యమైన వ్యయము. మార్చకున్నచో యంత్రము అనుకొన్న బలమునకు చేరదు. ఇట్టి సంకటములో ఇంజనీర్లు శక్తిని పెంచుటకు పోక అదురుయొక్క మూలమును వెదకిరి.

దొంగ పంపులలో దొరకలేదు, నేలలో దొరకలేదు. హీలియంను విడుచు కవాటములలో దొరికెను. ఆ కవాటపు కాడ పైకొన గది వేడిలోను, క్రిందికొన మహాశీతలములోను ఉండును. ఇట్టి గొట్టములో హీలియం వాయువు తనంతట తానే పిల్లనగ్రోవివలె మ్రోగుటకు మొదలిడును. చల్లనికొననుండి పైకి పోయిన వాయువు వేడెక్కి వ్యాకోచించి క్రిందికి దుముకును, చల్లబడి కుదించుకొని మరల పైకి లాగబడును. ఊదువాడు లేని వేణువు అది. 1949లో టాకోనిస్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు దీనిని వివరించియుండెను. పాత పుస్తకములోని ఆ విషయమే డెబ్బదియేండ్ల పిమ్మట ఈ మహాయంత్రమునకు అడ్డుతగిలినది. ఇంజనీర్లు కవాటములో వాయువు నడచు దిక్కును తారుమారు చేసి, కాడచుట్టునున్న వాయువు పీడనము తగ్గునట్లు చేసిరి. కాడకు చుట్టు తుడుపు వలయములను తొడిగి వాయువు ఊగుటకు సందు లేకుండ చేసిరి. అదురు దాదాపు పదవవంతుకు దిగెను. 2023 సెప్టెంబరులో ఆ యంత్రము తన మొదటి ఎక్స్ కిరణములను వెలువరించినది.

మన దేశపు ఉదాహరణ ఒకటి చెప్పక తీరదు. ఢిల్లీలోని అంతర్విశ్వవిద్యాలయ త్వరణయంత్ర కేంద్రములో భారమైన అయానులను పరుగెత్తించు అతివాహక యంత్రము కలదు. దాని నియోబియం కుహరములు 9 కోట్ల 70 లక్షల హెర్ట్జ్‌ల పౌనఃపున్యమున పనిచేయును. ప్రతి కుహరములో నడుమ ఒక బోలు కంబము గంటలోని నాలుకవలె పైనుండి వ్రేలాడుచుండును. దాని లోపల ద్రవ హీలియం నిండియుండును. ఆ కంబము ఊగినప్పుడెల్ల శ్రుతి తప్పెడిది. శ్రుతిని నిలుపుటకు అధికశక్తి పంపగా, ఆ శక్తిని తెచ్చు తీగలు వేడెక్కెడివి. అచ్చటి శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఉపాయము అతి సులభము. సుమారు 4 మిల్లీమీటర్ల తుప్పుపట్టని ఉక్కు గుండ్లను కొన్నింటిని ఆ బోలు కంబములో అడుగున పోసిరి. కంబము ఊగబోవగా గుండ్లు ఒకదానినొకటి రాచుకొనును, అడుగును రాచుకొనును. ఆ రాపిడిలో కంపనశక్తి ఖర్చగును. కుహరపు ఆకారమును మార్చనక్కరలేదు, క్రొత్త విద్యుత్ సాధనము అక్కరలేదు. గుండ్లు పోసిన పిమ్మట శ్రుతి నిలుపుటకు కావలసిన రేడియోశక్తి గణనీయముగా తగ్గెను. బిందెలో ఆకులు చేయు పనినే ఇచ్చట ఉక్కు గుండ్లు చేసినవి.

ఈ రెండు ఉదాహరణముల సారము ఒక్కటే. చలించు యంత్రమును అధికశక్తితో అదిమిపట్టుట ఒక దారి. చలనమునకు కారణమును వెదకి దానిని శాంతింపజేయుట రెండవ దారి. మొదటిది ధనము గలవారికైనను కొంతదూరమే సాగును. రెండవదానికి ఓర్పు, పరీక్ష, యంత్రము చేయు చప్పుడును శ్రద్ధగా వినుట కావలెను. ఫెర్మీ ప్రయోగశాలలో ఇప్పుడు నిర్మాణములో ఉన్న పి.ఐ.పి-2 అను ప్రోటాను యంత్రమునకు భారతీయ సంస్థలు భాగస్వాములై కుహరములు మొదలగు పరికరములను సమకూర్చుచున్నవి. అచ్చటను సన్నని శ్రుతి, మహాశీతలము, కంటికి కానరాని అదురు, ఈ మూడింటితోనే పోరాటము. ఆ పనిలోనికి ప్రవేశించు మన యువ ఇంజనీర్లకు మహాయంత్రముల గణితముతోపాటు, కవాటము ఎందుకు మ్రోగుచున్నదో, గొట్టము ఎందుకు వణకుచున్నదో కనిపెట్టు వినికిడి కూడ అలవడవలెను. పరమాణువులోని రహస్యము చేరువరకు పోవు దారిలో, నీటిపంపు బోల్టును సరిగా బిగించుట కూడ ఒక మెట్టే.